అక్కకు నేను చెప్పిన సూత్రం

నా చిన్నప్పుడు మా వాడ మొత్తంలో ఇంగ్లీషు వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే అని నాకొక గట్టి నమ్మకం ఉండేది. అప్పటికి నాకు పదకొండేళ్ళు. నాకు వచ్చిన ఇంగ్లీషల్లా మొదటి రీడరు మొత్తం, రెండో రీడరు సగం, ప్రార్థనలో పాడే రెండు పాటలు. అవి కూడా అర్థం తెలిసి కాదు. మా బాపు మాత్రం ఇంటికి ఎవరొచ్చినా నన్ను పిలిచి "ఏదీ బిడ్డా, జర ఇంగ్లీషు మాట్లాడు" అనేవాడు. నేను చేతులు కట్టుకుని ఆవు పాఠం గడగడా ఒప్పజెప్పేదాన్ని. విన్నవాళ్ళలో ఒక్కరికీ అది ఆవు గురించో ఏనుగు గురించో తెలియదు కనుక నాకు ఎదురుండేది కాదు. "ఇంగ్లీషు పిల్ల" అని పేరు పడిపోయింది. ఆ పేరు వింటే నా కాళ్ళు భూమి మీద ఉండేవి కావు.

మాది జడ్చర్లకు నాలుగు కోసుల దూరంలో ఒక చిన్న ఊరు. నైజాం రాజ్యం నడుస్తున్న రోజులు. సర్కారు బడిలో చదువంతా ఉర్దూలో ఉండేది, ఆ బడి మా వాడ పిల్లలకు అందేదీ కాదు. మా తాతలకు గుంటెడు భూమి లేదు, ఒకరి పొలంలో కూలి చేసి బతికినవాళ్ళు. బాపును కన్న మా అవ్వ కాలంలో మిషన్ వాళ్ళ మతంలో కలిశాం. ఊరి చివర ఆ మిషన్ వాళ్ళదే ఒక చిన్న దవాఖాన, దాన్ని ఆనుకుని ఒక బడి ఉండేవి. రెండింటినీ చూసుకునే తెల్లావిడను అందరూ మిస్సమ్మ అనేవారు. మా బాపు ఆ దవాఖానలో తోటపని చేసేవాడు. నేను ఆ బడిలో చదివేదాన్ని. మా పక్కింటి అక్క ఆ దవాఖానలోనే ఆయా.

పక్కింటి అక్కకు అప్పటికి ఇరవై రెండు, ఇరవై మూడు ఉంటాయేమో. ఐదో తరగతి దాకా చదివాక పెళ్ళి చేశారు. పెళ్ళయిన రెండో ఏడు మొగుడు బొంబాయి మిల్లులో పనికని వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే, అజా పజా లేదు. మూడేళ్ళు అత్తగారింట్లో ఎదురుచూసి, ఇక చూడలేక తల్లి దగ్గరికి వచ్చేసింది. తండ్రి లేడు. తల్లి కూలికి పోయేది. అట్లాంటి ఇంటికి ప్రతి కోతల కాలంలోనూ అక్క బావ, అంటే మొగుడి అన్న, వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. "తమ్ముడు ఇగ రాడు. పిల్లను మా ఇంటికి తోలియ్యి, నేనే మారుమనువు చేసుకుంట" అని అడిగేవాడు. అక్క అత్తవారు మతంలో కలవలేదు, వాళ్ళ ఆచారంలో అది తప్పు కాదు. ఆయనకప్పటికే పెళ్ళాం, నలుగురు పిల్లలు. చెడ్డవాడని నేను చెప్పను. ఇంట్లోకి, పొలంలోకి ఇంకో రెండు చేతులు కావాలి, అంతే.

అక్కకు వెళ్ళాలని లేదు. ఆ మాట ఆమె ఎవరితోనూ అనేది కాదు, కానీ బావ వచ్చి వెళ్ళిన రోజు అన్నం ముట్టేది కాదు. అది చూసి మిస్సమ్మే ఒక దారి చెప్పింది. దూరాన పెద్ద ఊళ్ళో మిషన్ వాళ్ళ పెద్ద దవాఖాన ఉంది, అక్కడ నర్సు పని నేర్పుతారు. చేరితే మూడేళ్ళు అక్కడే ఉండాలి. తిండీ బట్టా వాళ్ళే పెడతారు, తర్వాత ఎక్కడో ఒకచోట నర్సు ఉద్యోగం ఇస్తారు. అయితే అక్కడి డాక్టర్లు మాట్లాడేదీ రాసేదీ ఇంగ్లీషే కనుక ముందు ఒక చిన్న ఇంగ్లీషు పరీక్ష రాయాలి. అక్క తల్లి బావను పిలిచి చెప్పింది. "పరీక్ష గెలిస్తె నా బిడ్డ చదువుకు పోతది. తప్పితె కోతలు కాంగనే నీ ఎంట తోలిస్త." ఆయన తలూపి వెళ్ళిపోయాడు. ఆయనకేం, మా వాడ ఆడపిల్ల ఇంగ్లీషు పరీక్ష గెలుస్తుందని ఎందుకనుకుంటాడు. ఆ రోజు నుంచి అక్క నా శిష్యురాలైంది.

అప్పుడు నడుస్తున్న రెండో ప్రపంచ యుద్ధం వల్ల గుడ్డకు కరువు వచ్చింది. దవాఖానలో గాయాలకు కట్టిన గుడ్డ పేలికలనే మళ్ళీ ఉతికి, గంగాళంలో ఉడకబెట్టి, ఎండకు ఆరేసి, చుట్టలుగా చుట్టి వాడేవారు. ఆ పని అక్కది. బడి వదలగానే నేను పుస్తకం చంకన పెట్టుకుని దవాఖాన వెనక వరండాకు పరిగెత్తేదాన్ని. అక్క కాళ్ళు చాపుకుని కూర్చుని పేలిక ఒక కొసను మోకాలి మీద చుట్టడం మొదలుపెట్టేది. రెండో కొస నేను బిగించి పట్టుకుని దూరంగా నిలబడాలి. ఆమె చుట్టేకొద్దీ నేను అడుగడుగూ ఆమె వైపు జరగాలి. చుట్ట పూర్తయ్యేసరికి ఆమె మోకాళ్ళ దగ్గర ఉండేదాన్ని. అప్పుడు ఇంకో పేలిక అందుకుని మళ్ళీ వెనక్కి నడిచేదాన్ని. ఇట్లా ముందుకూ వెనక్కూ తిరుగుతూనే పాఠం సాగేది. కట్ల గుడ్డల్లోంచి వచ్చే మందు వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు ముందు ఇంగ్లీషు గ్రామరు గుర్తొస్తుంది.

నిజానికి మాటల అర్థాలు నాకన్నా అక్కకే ఎక్కువ తెలుసు. రోజంతా నర్సుల వెంట తిరుగుతూ వినివిని పట్టుకునేది. వినికిడితో రాని సంగతులు ఉంటాయి కదా, అవి నేను చదివి చెప్పాలి. ఆమె అడిగేది, నేను చెప్పేదాన్ని. చిన్నదాన్నని ఆమె ఎప్పుడూ తీసిపారేయలేదు. ఏది చెప్పినా "గట్లనా చెల్లె" అని ఒకటికి రెండుసార్లు అనుకుని మనసులో పెట్టుకునేది. తనకన్నా పెద్ద మనిషి తన ముందు కూర్చుని అంత శ్రద్ధగా వింటుంటే పదకొండేళ్ళ పిల్లకు ఎంత తలకెక్కుతుందో మీరే ఊహించుకోండి.

ఒక రోజు ఆ పాఠం వచ్చింది. ఇంగ్లీషులో ఒక క్రియ వెనకాల ఇంకో క్రియ వస్తే, ఆ రెండో దానికి ముందు 'టూ' పెట్టాలా లేక చివర 'ఇంగ్' తగిలించాలా అన్నది పెద్ద చిక్కు. ఈత కొట్టి ఆనందించాను అనాలంటే 'ఎంజాయ్' వెనకాల 'స్విమ్మింగ్' రావాలి. ఈత కొట్టాలని ఆశపడ్డాను అనాలంటే 'హోప్' వెనకాల 'టూ స్విమ్' రావాలి. అటుదిటు చేస్తే తప్పు. ఆ భాషలో పుట్టిన పిల్లలకు ఎవరూ చెప్పకుండానే నోటికి వస్తుంది. పరాయివాళ్ళకు ఏది ఎందుకు వస్తుందో అంతుపట్టదు. మిస్సమ్మ అక్కకు ఇచ్చిన పాత గ్రామరు పుస్తకంలో ఆ పాఠం తాలూకు రెండు పేజీలు చెదలు తినేశాయి. చివర పది వాక్యాలు మాత్రం మిగిలాయి. కొన్నింటిలో టూ ఉంది, కొన్నింటిలో ఇంగ్ ఉంది.

అక్క ఆ పది వాక్యాలూ చదివి తల పట్టుకుంది. "చెల్లె, ఎక్కడ టూ పెట్టాలె, ఎక్కడ ఇంగ్ పెట్టాలె, ఎట్ల తెలుస్తది?"

నాకు తెలియదు. మా తరగతిలో ఆ పాఠం ఇంకా రానేలేదు. ఆ ముక్కే చెప్పి ఉంటే ఆమె లేచి పోయి మిస్సమ్మనే అడిగేది. నేను మాత్రం పేలిక కొస బిగించి పట్టుకుని, "గది జర పెద్ద పాఠం అక్కా, రేపు చెప్త" అన్నాను.

మర్నాడు మా టీచరమ్మను అడిగాను, అడగలేదని కాదు. ఆమె కృష్ణా నది ఆవలి నుంచి వచ్చిన మనిషి. మా మాట తీరు ఆమెకు నవ్వులాట. నేను లేచి నిలబడి "గిది ఎట్ల తెలుస్తది టీచరమ్మా" అన్నానో లేదో, "గిది ఎట్ల తెలుస్తది" అని ముక్కుతో సాగదీసి నన్ను వెక్కిరించింది. తరగతంతా గొల్లున నవ్వింది. "ముందు మాట్లాడటం నేర్చుకో. అది పై తరగతి పాఠం" అని కూర్చోబెట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ టీచరమ్మ మీద కోపం నాకు ఇప్పటికీ పోలేదు, ఉన్నమాట చెప్పాలి కదా. అయినా ఆ సాయంత్రం నేను చేసిన పని ఆమె నెత్తిన వేయను. అది పూర్తిగా నా సొంతం.

సాయంత్రం అక్క పేలికలన్నీ మడతపెట్టుకుని నా కోసమే చూస్తోంది. నేను పుస్తకం తెరిచి ఆ పది వాక్యాల వైపు చూశాను. మొదటిది ఎంజాయ్, ఆనందించడం. దాని వెనక ఇంగ్ ఉంది. రెండోది రెఫ్యూజ్, వద్దనడం. దాని వెనక టూ ఉంది. అంతే, నా నోట్లోంచి సూత్రం ఊడిపడింది. "మనసుకు సుఖమైతే ఇంగ్ అక్కా. కష్టమైతే టూ."

అక్క చుట్టడం ఆపి నా మొహంలోకి చూసింది. తర్వాత ఆ మాటనే తనలో తాను రెండుసార్లు అనుకుంది. "మంచిగుంది చెల్లె. ఇంగ్లీషోల్లు గూడ మనసు జూసే మాట పెట్టుకున్నరన్నట్టు" అంది. ఆమె మొహం విచ్చుకుంది. గ్రామరు చదివి అట్లా సంతోషపడిన మనిషిని మళ్ళీ నేను చూడలేదు.

మిగతా వాక్యాలు ఒక్కొక్కటే పరీక్షకు పెట్టాం. నా అదృష్టమో దురదృష్టమో అన్నీ సరిపోయాయి. సరిపోక ఏమవుతాయి, నేను ముందు పుస్తకంలోకి చూసి ఆ తర్వాత కదా కారణం చెప్పేది. ఫినిష్ అంటే పని ముగించడం, ఇంగ్ ఉంది. పని అయిపోతే సుఖం కాదా అన్నాను. ప్రామిస్ అంటే మాట ఇవ్వడం, టూ ఉంది. మాట ఇస్తే నిలబెట్టుకోవాలి కదా, కష్టమే అన్నాను. అవాయిడ్ దగ్గర ఆమె ఆగింది. "తప్పించుకునుడు సుఖమెట్లయితది?" అని అడిగింది. "బాపు కొట్టవస్తె తప్పించుకుంటె సుఖం కాదా అక్కా" అన్నాను. ఆమె పేలిక వదిలేసి మరీ నవ్వింది. హోప్ వచ్చింది. ఆశ పెట్టుకోవడం. టూ ఉంది కనుక అది కష్టం కావాలి. కష్టమే అని చెప్పాను, ఎందుకో మాత్రం చెప్పలేకపోయాను. నేను చెప్పనక్కర్లేకపోయింది. అక్క "గిది మాత్రం పక్కా నిజం చెల్లె" అని మళ్ళీ పేలిక చుట్టసాగింది.

అబద్ధం చెప్పానన్న బెరుకు ఒకటి రెండు రోజులు ఉంది. తర్వాత అదీ పోయింది. అక్క అంతగా నమ్మేసరికి ఆ సూత్రాన్ని నేనూ నమ్మాను. ఎవరికీ తోచని సంగతి నాకు తోచిందని లోపల్లోపల మురిసిపోయాను కూడా. దవాఖానలో పని చేసే ఆడవాళ్ళకు అక్క నన్ను చూపించి "మా టీచరమ్మ" అనేది. వాళ్ళు నవ్వుతూ నాకు పేలాలు పెట్టేవారు. ఆ పేలాలు కరకరలాడిస్తూ నేను తలెత్తుకుని తిరిగాను.

పరీక్ష రోజు మిస్సమ్మ తన గది ముందు బల్ల వేయించి అక్కను కూర్చోబెట్టింది. పెద్ద దవాఖాన నుంచి లకోటాలో వచ్చిన కాగితం చేతికిచ్చింది. మా బాపు ఆ రోజు ఆ గది ముందున్న పాదులకే నీళ్ళు పోస్తూ అక్కడక్కడే తిరిగాడు. అక్క తల్లి కూలికి పోకుండా గేటు బయట కూర్చుంది. రాయడం అయ్యాక అక్క చేతులకు సిరా అంటించుకుని బయటికి వచ్చింది. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. "చెల్లె, టూ, ఇంగ్ మస్తు అడిగిన్రు. పుస్తకంల లేని మాటలు. నీ సూత్రం పెట్టుకుని అన్ని రాసిన" అంది. అందరి ముందు నన్ను దగ్గరికి తీసుకుంది. పుస్తకంలో ఉన్నవాటికైతే నేను ముందు జవాబు చూసుకుని కారణం చెప్పాను. పుస్తకంలో లేని మాటకు సూత్రం ఎట్లా నిలుస్తుంది? ఆ సంగతి నాకు అప్పుడు, అంతా అయిపోయాక, తట్టింది. ఎవరికి చెప్పాలో తెలియలేదు. ఇంటికి పోయి జ్వరమని పడుకున్నాను.

కాగితం దిద్దే పని మిస్సమ్మదే. మూడో రోజు సాయంత్రం అక్కను పిలిపించింది. అక్క ఆ పూట చుట్టిన కట్ల బుట్ట నా చేతిలో ఉండటంతో నేనూ వెంట వెళ్ళాను. మిస్సమ్మ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. ఆమెది పుస్తకాల్లోంచి నేర్చుకున్న తెలుగు, ఏ మాటా విరవకుండా నిదానంగా పలికేది. "నీవు మిగిలినవన్నియు బాగుగా వ్రాసితివి. ఈ ఒక్క ప్రశ్న యందు మాత్రము అన్నియు తప్పులే. అందువలన మార్కులు చాలలేదు" అంది.

మిస్సమ్మ ఒక్కొక్క తప్పూ వేలితో చూపిస్తూ చదివింది. 'వాళ్ళు ఊరు విడిచిపోవాలని నిర్ణయించుకున్నారు' అనే వాక్యం. 'డిసైడ్' వెనకాల టూ రావాలి. అక్క ఇంగ్ పెట్టింది. 'ఆ అమ్మాయి చదవడం నేర్చుకుంది' అనే వాక్యం. 'లెర్న్' వెనకాల కూడా టూ రావాలి. అక్క ఇంగ్ పెట్టింది. 'ఆమె ఎదురుచూస్తూనే ఉంది' అనే వాక్యం. 'కీప్' వెనకాల ఇంగ్ రావాలి. అక్క టూ పెట్టింది. ఇంకా రెండు మూడు ఉన్నాయి, నాకు గుర్తు లేవు. ఈ మూడు మాత్రం పోలేదు. మిస్సమ్మకు అవి వట్టి తప్పులు. ఆ గదిలో వాటి అర్థం తెలిసింది మా ఇద్దరికే. తన సంగతి తానే నిర్ణయించుకోవడం సుఖమని అక్క రాసింది. చదువు నేర్చుకోవడం సుఖమని రాసింది. ఎదురుచూస్తూ ఉండటం కష్టమని రాసింది. పదకొండేళ్ళ పిల్లను, అయినా నాకు అర్థమైంది.

మిస్సమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఇవి తెలియక చేసిన తప్పుల వలె లేవు. అన్నియు ఒకే విధముగా ఉన్నవి. ఎవరో నీకు ఇట్లు నేర్పియుందురు. అట్లయిన చెప్పుము. నేర్పినవారి దోషమని వ్రాసి నీకొరకు వేరొక కాగితము అడిగెదను. నీ దోషమే అయినచో వచ్చే సంవత్సరము వరకు ఆగవలెను."

నేనక్కడే ఉన్నాను, బల్లకు మూడు అడుగుల దూరంలో. ఒక్క మాట చాలు. నేను చెప్పానమ్మా, నాకు తెలియకపోయినా చెప్పాను అంటే చాలు. ఆ మాట నేను అనలేదు. ఏమవుతుందని భయపడ్డానో ఇప్పుడు సరిగ్గా చెప్పలేను. బడిలోంచి తీసేస్తారనా, బాపు తల దించుకుంటాడనా, ఇంగ్లీషు పిల్ల అన్న పేరు పోతుందనా? మూడూ కావచ్చు. చివరిదే ఎక్కువేమోనని ఈ వయసులో అనిపిస్తుంది. అక్క నా వైపు చూడలేదు. ఆమె ఒక్కసారి చూసి ఉంటే చెప్పేసేదాన్ని అని చాలా ఏళ్ళు నన్ను నేను ఓదార్చుకున్నాను. అది కూడా వట్టి మాటే.

"ఎవ్వల తప్పు లేదమ్మా. నాకే సమజ్ కాలే" అంది అక్క.

మిస్సమ్మ కాగితం మడిచి లకోటాలో పెట్టింది. అక్క నా చేతిలోంచి బుట్ట తీసుకుని కట్లను ఎప్పటిలాగే బీరువాలో సర్దింది.

నన్ను కాపాడిందని అనుకున్నాను. ఆ అనుకోవడం నన్ను ఇంకా కుంగదీసింది. ఆమెకు ఎదురుపడలేక వారం రోజులు వరండా వైపే పోలేదు. ప్రతి పొద్దూ ఈ రోజు మిస్సమ్మ దగ్గరికి పోయి చెప్పేస్తాను అనుకోవడం, బడి గంట కొట్టగానే కాళ్ళు ఇంటి దారి పట్టడం. రెండుసార్లు ఆమె గది గుమ్మం దాకా వెళ్ళాను. ఒకసారి లోపల ఎవరో ఉన్నారు. ఇంకోసారి ఎవరూ లేరు, ఆమె ఒక్కతే కూర్చుని ఏదో రాసుకుంటోంది. ఎవరూ లేకపోవడం చూసి మరింత భయం వేసి వెనక్కి వచ్చేశాను. ఆ శుక్రవారం పరీక్ష కాగితాలు పెద్ద దవాఖానకు వెళ్ళిపోయాయని బాపు ఇంట్లో చెప్పాడు. ఇంక చేసేదేమీ లేదని తెలిశాక నాకు ఏడుపొచ్చింది. చేయడానికి వీలున్నన్ని రోజులూ రాని ఏడుపు.

ఆదివారం ప్రార్థన కాగానే బావ బండి కట్టుకుని వచ్చాడు. ఆయన మాట మీద నిలబడే మనిషి. అక్క తల్లి ఏడుస్తూ మూట కట్టింది. అక్క ఏడవలేదు. వాడలో ఆడవాళ్ళందరి దగ్గరా సెలవు తీసుకుని చివరికి మా గుమ్మం ముందుకు వచ్చింది. నేను తలుపు వెనక ఉన్నాను. మా అవ్వ రెక్క పట్టుకుని ముందుకు లాగింది.

అక్క వంగి, ఎవరికీ వినపడకుండా అడిగింది. "చెల్లె, ఒక్క మాట అడుగుత. అన్ని దినాల సంది గదే ఆలోచన జేస్తున్న. తన సంగతి తానే తేల్చుకునుడు సుఖమే కద. గది కష్టమెట్లయింది? నాకెందుకో సమజ్ అయితలేదు."

అప్పుడు తెలిసింది నాకు. ఆమె నన్ను కాపాడలేదు. కాపాడాల్సింది ఏదో ఉందన్న సంగతే ఆమెకు తెలియదు. నా సూత్రం మీద ఆమెకు ఇంకా ఇసుమంత అనుమానం రాలేదు. సూత్రం సరైనదే, సుఖమేదో కష్టమేదో పోల్చుకోవడం తనకే చేతకాలేదని అనుకుంటోంది. ఆ రోజు మిస్సమ్మ గదిలో ఆమె చెప్పింది ఉన్నమాటే. అంతలా నమ్మింది నన్ను.

బండి దగ్గర బావ ఎడ్ల మెడలు నిమురుతూ మా వైపే చూస్తున్నాడు. "నాకు తెల్వదక్కా" అన్నాను. "నాకు ముందుగాల్నే తెల్వదు. గా సూత్రం ఎవ్వలు చెప్పలే. నేనే కల్పించిన."

అక్క అట్లాగే వంగి నిలబడింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను. ఆమె మొహంలో కోపం రాలేదు. నిద్రలోంచి లేపినట్టు నన్ను చూసింది. తర్వాత నా తల మీద చెయ్యి వేసి, చెదిరిన జుట్టు చెవి వెనక్కి దోపింది.

"గా మాట ముందే అనకపోతివి బిడ్డా" అంది.

అన్నాళ్ళూ చెల్లె అని పిలిచిన మనిషి ఆ రోజు బిడ్డా అంది. పోయి బండి ఎక్కింది. బండి వాడ మలుపు తిరిగేదాకా ఆమె వీపు కనిపించింది. వెనక్కి తిరుగుతుందేమోనని చూశాను. తిరగలేదు.

ఆ సాయంత్రం బాపుకు జరిగిందంతా చెప్పాను. ఆయన నన్ను ఒక్క దెబ్బ వేయలేదు. మర్నాడు మిస్సమ్మ దగ్గరికి తీసుకుపోయి మళ్ళీ అంతా చెప్పించాడు. మిస్సమ్మ విని, కాగితాలు వెళ్ళిపోయాయి కదా అని మాత్రం అంది. నన్ను బడిలోంచి తీయలేదు. ఎవరూ ఏమీ చేయలేదు. ఏ భయంతో నేను నోరు మూసుకున్నానో అందులో ఒక్కటి కూడా జరగలేదు. ఇంటికి చుట్టాలు వచ్చినా బాపు నన్ను ఇంగ్లీషు మాట్లాడమని ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు.

అక్క అత్తవారి ఊరు మాకు ఎనిమిది కోసులు. ఆమెకు ఇద్దరు పిల్లలు పుట్టారని, వాళ్ళనూ, సవతి పిల్లలనూ కూర్చోబెట్టి ఇంట్లో అక్షరాలు దిద్దిస్తుందని వాళ్ళ అమ్మ చెప్పగా విన్నాను. రాజ్యం మారింది, బస్సులు వచ్చాయి, ఆ ఊరికి పోవడం ఒక పూట పనయింది. నేను పోలేదు. ఏ ముఖం పెట్టుకుని పోను అనుకుంటూనే ఏళ్ళు గడిపేశాను. నేను ట్రైనింగు అయి టీచరునై, పాలమూరులో ఇల్లు కట్టుకుని, నా పిల్లల పెళ్ళిళ్ళు చేసేనాటికి ఆమె చనిపోయిందని తెలిసింది.

ముప్పై ఏళ్ళు ఇంగ్లీషే చెప్పాను. ఆ పాఠం ప్రతి ఏడూ వచ్చేది. ఇది ఇట్లా ఎందుకు టీచర్, అది అట్లా ఎందుకు టీచర్ అని ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్ల లేచేది. కొన్నింటికి కారణం ఉంది, చెప్పేదాన్ని. కొన్నింటికి నాకు తెలియదు. చెప్పకపోతే చిన్నతనమని, ఏదో ఒకటి చెప్పేద్దామని నాలుక చివరి దాకా వచ్చేది. అబద్ధమెందుకు, ఈ వయసులోనూ మనవలు ఏదైనా అడిగితే వస్తుంది. నాకు ఆ గుణం పోలేదు, పోయిందని గొప్పలు చెప్పుకోను. అట్లా వచ్చినప్పుడల్లా, చెదిరిన జుట్టు ఎవరో చెవి వెనక్కి దోపినట్టు ఉంటుంది. ఆగిపోతాను. నాకు తెల్వదు బిడ్డా అంటాను, ఆలస్యం కాకముందే.